శారీ గార్డు

మా చెల్లెలి కూతురు కిందటేడు ఒక మోటారు సైకిలు కొంది. స్కూటీ కాదు, యాక్టివా కాదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల సూపర్ మీటియోర్ 650. దూర ప్రయాణాలకని తయారుచేసిన పెద్ద బండి. మా అపార్టుమెంటు కింద దాన్ని ఆపి అది పైకి వచ్చిన అయిదు నిమిషాలకి వాచ్‌మన్ వచ్చి తలుపు కొట్టాడు. "ఎవులిదమ్మా ఆ బండి? సారెవులైనా వచ్చారా?" అన్నాడు. ఈ పిల్లదేనని చెప్పాను. అతను దాని వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, కిందకి వెళ్లి బండిని మళ్లీ చూశాడు.

అతన్ని ఏమనగలను? నాకూ మొదట కలిగిన ఆలోచన అదే. ఇంత బండి దీనికెందుకు? ముప్పై ఏళ్లు ఆడపిల్లలకి పాఠాలు చెప్పాను. స్త్రీల స్వేచ్ఛ గురించి ఎన్నో సభల్లో మాట్లాడాను. అయినా ఆ మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగింది. ఎక్కణ్ణించి వచ్చిందా అని నాకే సిగ్గేసింది. చదవడం తప్ప వేరే విద్య రానిదాన్ని కాబట్టి, ఆ బండి చుట్టూ ఉన్న రాతలన్నీ తీసి చదవడం మొదలుపెట్టాను. కంపెనీ వివరాల కాగితం, మోటారు వాహనాల నిబంధనలు, ఒక పాట, కొన్ని పుస్తకాలు. కథని చదివినట్టే వీటినీ చదవొచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో మాట్లాడుతున్నారు, ఎవరిని ఎక్కడ కూచోబెట్టారు అన్నవే కదా మనం ఏ కథలోనైనా వెతికేవి!

మొదట అంకెలు. ఇంజను 648 సి.సి., రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. పెట్రోలు ట్యాంకు 15.7 లీటర్లు. బరువు 241 కిలోలు. సీటు ఎత్తు 740 మిల్లీమీటర్లు. 2023 జనవరిలో మన దేశంలో ధర ప్రకటించినప్పుడు మూడున్నర లక్షల దగ్గర మొదలైంది, బీమా, రిజిస్ట్రేషను కాకుండా. మూడు రకాల్లోకీ ఖరీదైనదానికి సెలెస్టియల్ అని పేరు. దానికి ముందువైపు గాలిని ఆపే అద్దం, వెనక కూచునేవాళ్లు వీపు ఆనించుకోవడానికి మెత్తటి ఆనిక అదనంగా ఉంటాయి.

ఈ అంకెల్లో మా పిల్ల ముందుగా చూసింది ఇంజను శక్తి కాదు, ఆ 740. దాని ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. అదే కంపెనీ వాళ్ల హిమాలయన్ 450 కి సీటు 825 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. దాని మీద ఎక్కి చూస్తే కాలి వేళ్లు మాత్రమే నేలకి తగిలాయట. రోడ్డు మీద పోతున్నంతసేపూ ఆ తేడా తెలియదు. సిగ్నల్ దగ్గరో, కంకర మీదో, కొండదారిలో ఎదురుగా లారీ వచ్చి ఆగిపోవాల్సి వచ్చినప్పుడో తెలుస్తుంది. దూరాలకి, కొండలకి అని పేరుపెట్టిన బళ్లలో ఎక్కువ భాగం ఎవరి కాళ్ల కొలతతో గీశారో ఆ ఎనభై అయిదు మిల్లీమీటర్లు చెబుతాయి.

బరువు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. హోండా గోల్డ్ వింగ్ అని ఒకటుంది, ప్రపంచంలోని ప్రయాణపు బళ్లలో రాజులాంటిది. 1975లో మొదలైంది. ఇప్పటిది ఆరు సిలిండర్లతో, 1833 సి.సి. ఇంజనుతో, నాలుగు వందల కిలోలకి కాస్త తక్కువగా తూగుతుంది. అంత బరువుని మనిషి కాళ్లతో వెనక్కి నెట్టలేడని 1988 మోడల్ నించీ దానికి రివర్సు సదుపాయం పెట్టారు. చూశారా, మగవాడు మొయ్యలేని బరువైతే యంత్రాన్ని మారుస్తారు. ఆడమనిషి మొయ్యలేని బరువైతే 'నీకెందుకీ బండి' అంటారు.

బండి పడిపోతే ఎలా అని మా చెల్లెలు అడిగింది. అందరూ అడిగారు. కొనేచోట అమ్మకాల కుర్రాడూ అడిగాడట, నాన్నగారు వచ్చారా అని అడిగిన తరవాత. మా పిల్ల బండి నడపడం కంటే ముందు నేర్చుకున్నది పడ్డ బండిని లేపడమే. బండికి వీపు ఆనించి కిందకి కూచోవాలి. ఒక చెయ్యి హ్యాండిలు మీద, ఇంకో చెయ్యి వెనక రాడ్డు మీద. నడుంతో ఎత్తకూడదు. కాళ్లతో నేలని తన్నిపెట్టి, వెనక్కి చిన్న చిన్న అడుగులు వేస్తూ లేవాలి. మా పార్కింగులో పాత దుప్పట్లు పరిచి, బండిని వాటి మీదకి మెల్లగా వాల్చి నాకు చేసి చూపించింది. వాచ్‌మన్ కూడా చూశాడు. ఆ తరవాత సార్ల గురించి అడగలేదు.

ఇక నిబంధనల దగ్గరకి వస్తాను. నన్ను ఎక్కువసేపు ఆపేసింది అదే.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది ఒకటుంది. వెనక మనిషి కూచునే వీలున్న ప్రతి మోటారు సైకిలుకీ మూడు ఉండి తీరాలని అది చెబుతుంది. పట్టుకోవడానికి కదలని పిడి. పాదాలు పెట్టుకోవడానికి చోటు. వెనక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ, వెనక కూచున్న మనిషి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా. ఈ మూడోదాన్నే మనం శారీ గార్డు అంటాం. నియమంలో చీర అన్న మాట లేదు. స్త్రీ అన్న మాట లేదు. 'వెనక కూచున్న మనిషి' అనే ఉంది. అయినా ఆ ఇనప చట్రానికి శారీ గార్డు అని కాక ఇంకో పేరు ఎవరూ పెట్టలేదు. వెనక కూచున్న మనిషి ఎవరో చట్టం చెప్పనక్కర్లేకుండానే దేశమంతటికీ అర్థమైపోయింది.

దాన్ని వెక్కిరించడానికి నాకు నోరు రాదు. చున్నీ చక్రంలో చుట్టుకుని మెడ బిగుసుకున్న పిల్లల సంగతులు, కొంగు చిక్కుకుని రోడ్డు మీద పడ్డ తల్లుల సంగతులు మనం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఆ చట్రం ఎన్నో ప్రాణాలు కాపాడింది. నేను అడిగేది వేరు. ఒక యంత్రాన్ని తయారుచేసేటప్పుడు స్త్రీ శరీరం ఉందని గుర్తుపెట్టుకున్నది ఆ ఒక్క చోటే. సీటు ఎత్తులో గుర్తురాలేదు. క్లచ్ పట్టుకునే అరచేతి కొలతలో గుర్తురాలేదు. వెనక చక్రం దగ్గర గుర్తొచ్చింది. నడిపే మనిషిగా కాదు, చిక్కుకునే బట్టగా. హెల్మెట్ సంగతి చూడండి. దేశ రాజధానిలో 2014 దాకా ఆడవాళ్లకి హెల్మెట్ తప్పనిసరి కాదు. పోయే ప్రాణం ఎవరిదైనా ఒకటే అని ఒప్పుకోవడానికి అంత కాలం పట్టింది.

ఇప్పుడు పాట. 2021లో వచ్చిన 'బుల్లెట్టు బండి' మీరంతా వినే ఉంటారు. లక్ష్మణ్ రాశారు, ఎస్.కె. బాజి సంగీతం, మోహన భోగరాజు పాడారు. ఆ ఏడు ఆగస్టులో మంచిర్యాల జిల్లాలో ఒక కొత్త పెళ్లికూతురు బరాత్‌లో ఈ పాటకి నడిరోడ్డు మీద, వరుడి ముందు ఆడింది. ఆ వీడియో ఇల్లిల్లూ తిరిగింది. ఆ తరవాత చాలా పెళ్లిళ్లలో పెళ్లికూతుళ్లు ఆడారు. తల వంచుకుని కూచోవాల్సిన రోజున తల ఎత్తి ఆడడం చూసి నేనూ సంతోషపడ్డాను. ఇప్పటికీ ఆ అమ్మాయి ఆట గుర్తొస్తే నా మొహాన నవ్వొస్తుంది.

కానీ పాటని పాటగా చదివితే? అందులో మాట్లాడేది అమ్మాయే. అమ్మానాన్నలు ఎంత గారాబంగా పెంచారో చెప్పుకుని, నీతో వస్తానని అబ్బాయికి మాట ఇస్తుంది. గొంతు ఆమెది, ఉత్సాహం ఆమెది. బండి మాత్రం అతనిది. ప్రయాణం పుట్టింటి నించి అత్తింటికి. మన జానపదంలో ఎడ్లబండి మీద సాగిన అప్పగింత ఇక్కడ బుల్లెట్ మీద సాగుతోంది. వేగం పెరిగింది, దారి అదే.

ఈ పాట వింటే నాకు మా నాన్న గుర్తొస్తారు. ఆయన పోర్టులో గుమాస్తా. సాలిగ్రామపురం క్వార్టర్సులో ఉండేవాళ్లం. 1984లో నా పెళ్లి కుదిరినప్పుడు అబ్బాయి తరఫువాళ్లు కట్నంతో పాటు బుల్లెట్ అడిగారు. నాన్న ప్రావిడెంట్ ఫండు మీద అప్పు తీసి కొన్నారు. నల్ల బుల్లెట్. ఆ రోజుల్లో దానికి గేరు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు ఉండేవి. అమ్మీటరు ముల్లు చూసుకుంటూ, చిన్న లివరు నొక్కి, సమయం చూసి కిక్కు కొట్టాలి. తప్పితే కాలి మీద ఎదురు తన్నేది. వెనక కూచునే నా కోసం ఎడమవైపు రెండు పాదాలూ పట్టేటంత రేకు ఒకటి, పైన శారీ గార్డు అదనంగా బిగించారు. రిజిస్ట్రేషను ఆయన పేరు మీద.

మా ఆయన చెడ్డవాడు కాదు. బండి జాగ్రత్తగా నడిపేవారు, గతుకులొస్తే ముందే చెప్పేవారు. నడుపుతావా అని ఆయన ఒక్కసారీ అడగలేదు. నడుపుతానని నేనూ ఒక్కసారీ అనలేదు. పదిహేడేళ్ల తరవాత దాన్ని అమ్మి, ఆ డబ్బు కారు వాయిదాల్లో కలిపేశారు. కారు కూడా ఆయన పేరు మీదే. అప్పటికి నాన్న పోయి నాలుగేళ్లు.

వరకట్న నిషేధ చట్టం 1961 నాటిది. దాని 6వ సెక్షన్ సంగతి నాకు రిటైరయ్యాక తెలిసింది. కట్నంగా ఇచ్చింది ఎవరి చేతికి వెళ్లినా, మూడు నెలల్లోగా అది ఆ స్త్రీకి అప్పగించాలి. అప్పటిదాకా ఆమె తరఫున కాపాడే ధర్మకర్తగానే అవతలివాళ్లు దాన్ని ఉంచుకోవాలి. నా పెళ్లైన మరుసటేడు, 1985లో, ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు స్త్రీధనం పూర్తిగా భార్యదేనని, భర్త చేతిలో ఉన్నంత మాత్రాన అది అతనిది అయిపోదని చెప్పింది. కట్నం తీసుకోవడమే నేరం, దాని మీద హక్కు గురించి మాట్లాడడం ఏమిటి అని మీరనొచ్చు. నిజమే. కానీ లెక్క ప్రకారం చూస్తే, నేను పదిహేడేళ్లు నా సొంత బండికి వెనక సీట్లో కూచున్నాను.

రిజిస్ట్రేషను దరఖాస్తుని ఫారం 20 అంటారు. అందులో సొంతదారు పేరు కింద గడిలో ఫలానావారి కొడుకు, భార్య, కూతురు అని ఉంటుంది. బండికి బీమా ఉందా, అప్పు ఉందా అన్నట్టే ఇదీ ఒక ప్రశ్న. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో తన పేరు మర్చిపోయిన గృహిణి మనందరికీ తెలుసు. ఫారం 20 చదువుతుంటే నాకు ఆమె గుర్తొచ్చింది.

పుస్తకాల్లో ఎలా ఉందో చూద్దామని రాబర్ట్ పిర్సిగ్ 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' మళ్లీ చదివాను. 1968లో కొడుకు క్రిస్‌ని వెనక కూచోబెట్టుకుని మినసోటా నించి కాలిఫోర్నియాకి చేసిన ప్రయాణం దానికి ఆధారం. నూట ఇరవై ఒక్క మంది ప్రచురణకర్తలు కాదన్నాక 1974లో వచ్చింది. బండిని ప్రేమించడమంటే దాన్ని విప్పి, చూసి, అర్థం చేసుకోవడమే అన్న దాని వాదన నాకు చాలా ఇష్టం. కాలేజీలో ఉండగా చదివినప్పుడు దాన్ని తాత్విక గ్రంథంగానే చదివాను. ఈసారి ఎవరెక్కడ కూచున్నారా అని చూశాను.

వాళ్లతో పాటు ఇంకో బండి మీద జాన్, అతని భార్య సిల్వియా ప్రయాణిస్తారు. సిల్వియా వెనక సీట్లో. మొదటి అధ్యాయంలోనే ఎదురుగా కార్లలో పనులకి పోతున్నవాళ్ల మొహాలు ఎంత విచారంగా ఉన్నాయో చూసి చెప్పేది ఆమే. నడిపేవాళ్లు రోడ్డు చూస్తారు, వెనక కూచున్నామె మనుషుల్ని చూసింది. పుస్తకంలో అంత సూక్ష్మమైన పరిశీలన చేసినామె మోంటానాలో బోజ్‌మన్ ఊరి దగ్గర భర్తతో పాటు వెనక్కి వెళ్లిపోతుంది. ఆ తరవాత తత్వం అంతా ఆమె లేకుండానే నడుస్తుంది. కథకుడి భార్య ఇంట్లోనే ఉంది. ఆమె గురించి మనకి తెలిసేది దాదాపు ఏమీ లేదు.

చివరి పేజీల్లో క్రిస్ ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడతాడు. అన్ని రోజులూ తండ్రి వీపే కనిపించిన పిల్లవాడికి ఆ భుజాల మీదుగా మొదటిసారి ముందున్న లోకం కనిపిస్తుంది. పెద్దయ్యాక నాకూ మోటారు సైకిలు ఉండొచ్చా అని అడుగుతాడు. జాగ్రత్తగా చూసుకుంటే ఉండొచ్చంటాడు తండ్రి. ఎంతో అందమైన ఘట్టం, కళ్లు చెమర్చాయి. ఆ ప్రశ్న సిల్వియా ఎందుకు అడగలేదు అన్నది మాత్రం ఈ చదువులోనే నాకు తట్టింది.

ఆడవాళ్లు నడపలేదా, రాయలేదా? నడిపారు. 1934-35లో థెరెసా వాలక్, ఫ్లోరెన్స్ బ్లెంకిరన్ అనే ఇద్దరు పాంథర్ మోటారు సైకిలుకి సైడ్‌కారు, దాని వెనక చిన్న ట్రెయిలరు తగిలించుకుని లండన్ నించి సహారా దాటి కేప్‌టౌన్ దాకా వెళ్లారు. వాలక్ రాసిన 'ది రగ్గెడ్ రోడ్' ఆమె పోయిన రెండేళ్లకి, 2001లో అచ్చయింది. ఎల్స్‌పెత్ బియర్డ్ అనే ఆర్కిటెక్చర్ విద్యార్థిని 1982లో ఇరవై మూడేళ్ల వయసులో పాత బి.ఎం.డబ్ల్యు. మీద ఒంటరిగా ప్రపంచం చుట్టడానికి బయల్దేరింది. సిడ్నీలో పనిచేస్తూ సామాను పెట్టెల్ని అల్యూమినియం రేకుతో తనే చేసుకుంది. పెనాంగ్ నించి ఓడలో మద్రాసు చేరి మన దేశంలోనూ తిరిగింది. 1984లో ఇల్లు చేరింది. మోటారు సైకిలు పత్రికలు పట్టించుకోలేదు. ఆమె పుస్తకం 'లోన్ రైడర్' 2017లో వచ్చింది. పిర్సిగ్‌కి ప్రయాణానికీ పుస్తకానికీ మధ్య ఆరేళ్లు, అదీ అన్ని తిరస్కారాల తరవాత. బియర్డ్‌కి ముప్పై మూడు, వాలక్‌కి అరవై పైనే. నడపడానికి కావలసిన ధైర్యం వాళ్ల దగ్గరే ఉంది. అది వినదగ్గ కథ అని ఒప్పుకునే లోకమే ఆలస్యంగా వచ్చింది.

మన దగ్గర కాస్త నయం అనిపిస్తుంది. 2018లో జై భారతి నాయకత్వంలో నలుగురు స్త్రీలు హైదరాబాదు నించి బయల్దేరి ఆరు దేశాల్లో సుమారు 17 వేల కిలోమీటర్లు మోటారు సైకిళ్ల మీద తిరిగారు. వాళ్లలో ఒకరైన పియా బహదూర్ 'రోడ్ టు మెకాంగ్' అని ఇంగ్లీషులో పుస్తకం రాశారు. జై భారతి ఆ తరవాత మోవో అనే సంస్థ పెట్టి స్త్రీలకి బళ్లు నడపడం నేర్పిస్తున్నారు. ప్రయాణం ముగిశాక తాళాలు ఇంకొకరి చేతిలో పెట్టడం అన్నమాట. నాకు ఇది యాత్ర కన్నా పెద్ద పనిగా కనిపిస్తుంది.

ఇదంతా మూడున్నర లక్షలు పెట్టగలిగినవాళ్ల గొడవ అని ఈ పాటికి ఎవరో ఒకరు అనుకునే ఉంటారు. ఆ మాట నేనే ముందు అనుకున్నాను. అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీలకి తెల్లవారుజామున బస్సుల్లో వెళ్లే అమ్మాయిలున్నారు, చేపల బుట్టలతో ఆటోల్లో ఇరుక్కుని కూచునే జాలరి అక్కలున్నారు. 2025 ఆగస్టు 15 నించి మన రాష్ట్రంలో ఆర్టీసీ బస్సులో టికెట్ లేకుండా వెళ్లే వీలొచ్చాక, పని లేకుండా ఊరికే సింహాచలం వెళ్లొచ్చానని మా ఇంట్లో పనిచేసే ఆమె చెప్పింది. పని లేకుండా వెళ్లడం! పెద్ద బండి అమ్మేవాళ్లు అమ్మేదీ సరిగ్గా అదే. అందుకే ఈ రెంటినీ వేర్వేరు ప్రశ్నలుగా చూడలేకపోతున్నాను.

సంక్రాంతి వెళ్లాక మా పిల్ల నన్ను అనంతగిరి తీసుకెళ్లింది. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట, ఆ పైన ఘాట్ రోడ్డు. నేను చీరలో, రెండు కాళ్లూ ఒక పక్కకి వేసి కూచోబోతే ఒప్పుకోలేదు. కింద లెగ్గింగ్సు వేయించి, కుచ్చిళ్లు బిగించి, అటో కాలు ఇటో కాలు వేయించింది. అరవై నాలుగేళ్లకి మొదటిసారి బండి మీద ముందుకి తిరిగి కూచున్నాను. పదిహేడేళ్లూ నేను చూసింది రోడ్డు పక్క మాత్రమే అని అప్పుడు అర్థమైంది.

"పెద్దమ్మా, మలుపులో నువ్వు నిటారుగా బిగుసుకుపోకు. కుడికి తిరిగితే నా కుడి భుజం మీంచి చూడు, ఎడమకి తిరిగితే ఎడమ భుజం మీంచి. నీ ఒళ్లే వంగుతుంది" అంది. అలాగే చూశాను. ఒళ్లు దానంతటదే వంగింది. కాఫీ తోటలు, మిరియపు తీగలు, మలుపు వెనక మలుపు. వెనక సీటు కూడా చూడ్డం నేర్పితే మంచి సీటే.

ఏ కాగితంలోనూ లేని వివరం ఒకటి దారిలో తెలిసింది. ఆడవాళ్ల దూరప్రయాణం పెట్రోలు ట్యాంకు కొలతతో సాగదు. 15.7 లీటర్లతో ఆ బండి ఎన్ని వందల కిలోమీటర్లు పోతుందో నాకు అనవసరం. ఎక్కడ తాళం వెయ్యని, నీళ్లుండే, లోపల గడియ పడే మరుగుదొడ్డి ఉందో అక్కడే మా మజిలీ. మా పిల్ల ఫోనులో అలాంటివి ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకుని ఉంచుకుంది. ఏ పెట్రోలు బంకు పరవాలేదు, ఎక్కడ తాళంచెవి అడగాలి, ఎక్కడ అడిగినా ఇవ్వరు. ఆడవాళ్లు రాసుకోవాల్సిన యాత్రా సాహిత్యంలో ఇది మొదటి అధ్యాయం అని దానితో అన్నాను. నవ్వి, "ముందు నువ్వు రాయి" అంది.

దిగి వస్తుంటే శృంగవరపుకోట దగ్గర టీ కోసం ఆగాం. టీ కొట్టతను గ్లాసులు ఇచ్చి, బండి ధర ఎంతని నన్ను అడిగాడు. దాన్ని అడగమన్నాను. అడిగాడు. అది చెప్పింది. మైలేజి అడిగాడు. అదీ చెప్పింది. ఆర్.సి. కార్డు బయట పెట్టి, దాని వెనక దాచిన చిల్లర తీసి డబ్బులిచ్చింది. కార్డు చేతిలోకి తీసుకుని చూశాను. దాని పేరు, కింద దాని తండ్రి పేరు. సరే, అంతదాకా వచ్చింది.

మొన్న బండికి ఏవో మార్పులు చేయిస్తూ ఫోన్ చేసింది. "అందరూ ఆ శారీ గార్డు తీసేయిస్తున్నారు పెద్దమ్మా, బండి అందం పోతోందని. నన్నూ తీయించెయ్యమంటున్నారు" అంది.

వద్దన్నాను. మార్చిలో లంబసింగి వెళ్దామంది కదా, నేను చీరలోనే వస్తాను.